రెండేళ్లలో పంతొమ్మిది పిల్లలు, ఒక్కటీ బూడిద రంగులో లేదు: నా కార్న్ స్నేక్ జతలో లోపం ఎక్కడుంది?

కపిలతీర్థం వాసి
2024 ఆగస్టు 4

సభ్యులందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా మేడమీది గదిలో 2020 నుంచి ఒక జత కార్న్ స్నేక్‌లను, అంటే అమెరికాకు చెందిన విషం లేని పాములను, పెంచుతున్నాను. రెండూ చూపుకు మామూలువే, అంటే నారింజ ఒంటి మీద నల్లటి అంచున్న ఎర్రటి మచ్చలు ఉన్నవే. అయితే వాటిని నాకు అమ్మిన వ్యక్తి, రెండింటిలోనూ అనెరిత్రిస్టిక్ లక్షణం దాగి ఉందనీ, వీటిని జత కలిపితే ఎరుపు అన్నదే లేకుండా నలుపు, బూడిద రంగుల్లో పిల్లలు పుడతాయనీ చెప్పాడు. మన పెంపకందారుల మాటలో రెండూ ‘హెట్’లు. ఆ ఒక్క మాటను నమ్మి మామూలు పిల్లలకు ఇచ్చే ధరకు రెండింతలు ఇచ్చాను.

2023లో ఆడపాము పదకొండు గుడ్లు పెడితే తొమ్మిది పిల్లలయ్యాయి. ఈ ఏడాది పన్నెండు పెడితే పది పిల్లలయ్యాయి. మొత్తం పంతొమ్మిదీ మామూలు రంగులోనే పుట్టాయి. గుడ్డు పెంకు చీలి, లోపలి నుంచి మొదటి మూతి బయటికి కనిపించే దాకా రెండేళ్లూ రాత్రింబవళ్లు ఆ పెట్టె పక్కనే కూర్చున్నాను. ప్రతిసారీ అదే నారింజ రంగు కనిపించింది. పిల్లలన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి, ఆ సంతోషం నాకుంది. కానీ ఇది నా అదృష్టం బాగాలేక జరిగిందా, లేక అమ్మిన వ్యక్తి మాటే తప్పా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. తెలిసినవారు చెప్పగలరు.


జన్యుశాస్త్రం విద్యార్థిని
2024 ఆగస్టు 4

కపిలతీర్థం వాసి గారూ, ఇందులో అదృష్టానికి ఎంత చోటుందో ముందు లెక్క కట్టి చూద్దాం. అనెరిత్రిస్టిక్ అనేది అంతర్గత లక్షణం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ అందిన పిల్లలోనే ఆ రంగు బయటపడుతుంది. రెండూ నిజంగా హెట్‌లు అయితే ప్రతి గుడ్డుకూ ఆ రంగు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, రాకుండా పోయే అవకాశం నాలుగింట మూడు వంతులు. మొదటి ఏడాది తొమ్మిది పిల్లల్లో ఒక్కటీ రాకపోవడానికి దాదాపు 7.5 శాతం అవకాశం ఉంది. అది అరుదే గానీ అసాధారణం కాదు, కాబట్టి అప్పటికి మీరు అనుమానించకపోవడం సబబే. పంతొమ్మిదింటిలోనూ రాకపోవడానికి మాత్రం అవకాశం 0.42 శాతమే. అలాంటి నిజమైన హెట్ జతలు వెయ్యి ఉంటే వాటిలో నాలుగింటికి మాత్రమే మీకు జరిగినట్లు జరుగుతుంది.

అందువల్ల అదృష్టాన్ని పక్కనపెట్టి, ఆ రెండింటిలో కనీసం ఒకటి హెట్ కాదనే దిశగా ఆలోచించడం మంచిదని నా అభిప్రాయం.


జీవశాస్త్రం మాస్టారు
2024 ఆగస్టు 5

నేను చిత్తూరులో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిని. పదో తరగతిలో అనువంశికత పాఠం చెప్పే ప్రతిసారీ బఠానీ మొక్కలతో మొదలుపెట్టి బఠానీ మొక్కలతోనే ముగిస్తాం. పిల్లలు మూడుకు ఒకటి నిష్పత్తిని కంఠస్థం చేసి, నలుగురు సంతానం ఉంటే ఒకరికి ఆ లక్షణం తప్పక వచ్చి తీరుతుందని అనుకుంటారు. మెండెల్ 1866లో తన ఫలితాలను ప్రచురించేనాటికి వేల గింజలు లెక్కపెట్టాడు కాబట్టే ఆ నిష్పత్తి బయటపడిందనీ, ప్రతి గింజా మిగతా గింజలతో సంబంధం లేకుండా కొత్తగా వేసిన పాచిక లాంటిదనీ ఎంత చెప్పినా వారి మనసుకు పట్టదు. పై లెక్కను, ఊరి పేరూ మనిషి పేరూ లేకుండా, తరగతిలో నల్లబల్ల మీద వేయడానికి మీ ఇద్దరి అనుమతి కోరుతున్నాను.

ఇంకొక సందేహం. అనెరిత్రిస్టిక్ పాముకు ఎరుపు ఎందుకు పోతుంది? ఆల్బినో పాముకు నలుపు పోతుందని మాత్రం విన్నాను.


చంద్రగిరి కోటదారి
2024 ఆగస్టు 5

మాస్టారు గారి సందేహానికి ముందు జవాబిచ్చి అసలు విషయానికి వస్తాను. పాము చర్మంలో రంగును పట్టి ఉంచే కణాలు వేర్వేరు రకాలుగా ఉంటాయి. కొన్నింటిలో మెలనిన్ అనే నలుపు, గోధుమ వర్ణకం ఉంటుంది, మరికొన్నింటిలో పసుపు, ఎరుపు వర్ణకాలు ఉంటాయి. ఇవి కాక, వర్ణకం లేకుండా కాంతిని ప్రతిఫలింపజేసే స్ఫటికాలున్న కణాలూ ఉంటాయి. మెలనిన్ తయారీ దెబ్బతింటే నలుపు పోయి నారింజ, ఎరుపు మిగులుతాయి, కళ్లు ఎర్రగా కనిపిస్తాయి. దానిని అమెలనిస్టిక్ అంటారు. ఎరుపు లోపిస్తే నలుపు, బూడిద మిగులుతాయి, దానిని అనెరిత్రిస్టిక్ అంటారు. ఈ రెండు లోపాలూ ఒకే పాములో కలిస్తే గులాబీ ఛాయ ఉన్న తెల్లటి పాము పుడుతుంది, దానిని స్నో అంటారు. రెండు లక్షణాలకూ హెట్‌లైన జతకు స్నో పుట్టే అవకాశం గుడ్డుకు పదహారింట ఒక వంతే.

ఈ హాబీకి పునాది కూడా అమెలనిస్టిక్ కార్న్ స్నేకే. 1953లో అమెరికాలోని నార్త్ కరోలినాలో దొరికిన ఒక ఆల్బినో పాము నుంచి, బెర్నార్డ్ బెక్టెల్ అనే చర్మవైద్యుడు తరాల పెంపకం చేసి, ఆ లక్షణం అంతర్గతంగా సంక్రమిస్తుందని చూపించాడు. 2015లో జెనీవా పరిశోధకులు ఆ రంగుకు కారణం OCA2 అనే జన్యువులో వచ్చిన మార్పు అని కనుగొన్నారు. మనుషుల్లో ఒక రకం ఆల్బినిజానికి కారణమైనదీ అదే జన్యువు.

ఇక కపిలతీర్థం వాసి గారి జత విషయం. విద్యార్థిని గారి లెక్క సరైనదే, కానీ ‘ఒకటి హెట్ కాదు’ అన్నదానికి మరో మార్గం కూడా ఉంది. కార్న్ స్నేక్‌లలో ఎరుపు పోయి బూడిదగా మారే లక్షణాలు ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి అనెరిత్రిస్టిక్, రెండోది చార్‌కోల్. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉండి, ఏళ్ల తరబడి పెంచినవారిని కూడా తికమక పెడతాయి. కానీ అవి రెండు వేర్వేరు జన్యువుల పని. తండ్రి చార్‌కోల్ హెట్, తల్లి అనెరిత్రిస్టిక్ హెట్ అయితే, వందేళ్లు గుడ్లు పెట్టినా ఒక్క బూడిద పిల్ల పుట్టదు. బోవా అనే పెద్ద పాములలో కాల్ వంశపు ఆల్బినోను షార్ప్ వంశపు ఆల్బినోతో జత కలిపినవారికి ఇదే జరిగింది. తల్లీ తండ్రీ ఇద్దరూ తెల్లగా ఉన్నా పిల్లలన్నీ మామూలు రంగులో పుట్టాయి, ఎందుకంటే ఒక వంశంలో లోపించినదాన్ని మరో వంశం పూరించింది.

మన ప్రాంతంలో అమ్మేవారూ కొనేవారూ ఈ రెండింటినీ ‘నల్లది’ అనే ఒకే మాటతో పిలుస్తారు. అసలు చిక్కు ఆ మాటలోనే ఉందని నా అనుమానం. మీ పాముల తల్లిదండ్రుల ఫోటోలు ఏమైనా దొరుకుతాయా? పెద్దయ్యాక అనెరిత్రిస్టిక్ పాము గొంతు, మెడ దగ్గర సాధారణంగా పసుపు ఛాయ తేలుతుంది. చార్‌కోల్ పాముకు అది సాధారణంగా రాదు.


కపిలతీర్థం వాసి
2024 ఆగస్టు 7

మాస్టారు గారూ, నిస్సంకోచంగా వాడుకోండి.

చంద్రగిరి గారూ, మీ ప్రశ్న చదివాక పాత ఫోన్‌లోని సందేశాలన్నీ వెతికాను. నాకు ఏ కాగితమూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. కొన్న రోజున నేను చేసిన తప్పు అదే అని ఇప్పుడు అర్థమవుతోంది. అయితే రెండు ఫోటోలు దొరికాయి. ఒకటి నా ఆడపాము తండ్రి అని పంపినది, దాని దవడ కింద స్పష్టంగా పసుపు ఉంది. రెండోది నా మగపాము తల్లి అని పంపినది, అది మెడతో సహా ముదురు బూడిదగా ఉంది, ఎక్కడా పసుపు లేదు. ఆ రెండు వంశాలూ వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చాయని అమ్మిన వ్యక్తి అప్పట్లో గర్వంగానే చెప్పాడు, ఎందుకంటే దగ్గరి బంధువుల జత కాదని నాకు నమ్మకం కలగాలి కదా. అతను తెలిసి మోసం చేశాడని నేను అనడం లేదు. అతనికి కూడా తేడా తెలిసి ఉండకపోవచ్చు.


పలమనేరు పశువైద్యుడు
2024 ఆగస్టు 8

ఫోటో మంచి ఆధారమే గానీ అది రుజువు కాదు. వెలుతురు మారితే పసుపు కనిపించదు, ఆ ఫోటోలోనిది నిజంగా ఆ పాము తల్లేనా అన్నదీ మనకు తెలియదు. రుజువు కావాలంటే ఒకటే దారి ఉంది. రంగు బయటికి కనిపిస్తున్న, వంశం తెలిసిన అనెరిత్రిస్టిక్ మగపాముతో మీ ఆడపామును జత కలపాలి. ఆడపాము హెట్ అయితే పిల్లల్లో సుమారు సగం బూడిదగా పుడతాయి, హెట్ కాకపోతే ఒక్కటీ పుట్టదు. నాలుగింట ఒక వంతు కోసం ఎదురుచూడటం కన్నా సగం కోసం ఎదురుచూస్తే జవాబు త్వరగా తేలుతుంది. హెట్ అయి ఉండి కూడా ఆరు గుడ్లలో ఒక్కటీ రంగు చూపకపోవడానికి అవకాశం అరవై నాలుగింట ఒక వంతే.

మా పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో పుంగనూరు జాతి పశువులను సంరక్షిస్తున్నారు. మూడు అడుగుల ఎత్తు కూడా లేని ఆ ఆవులను చూడటానికి జనం ఎగబడతారు గానీ, అంత చిన్న మందను తరతరాలుగా నిలబెట్టడంలో అసలు శ్రమ ఎక్కడుందో చూడరు. ఏ కోడెకు ఏ ఆవు పుట్టింది, ఏ ఆవును ఏ కోడె దగ్గరికి పంపకూడదు అన్న రాత లేకపోతే మూడు తరాల్లో అంతా రక్తసంబంధంలోకి జారిపోతుంది. ఆవు విషయంలో ఎత్తూ ఒడ్డూ చూసి కొంత ఊహించవచ్చు. హెట్ పాము విషయంలో బయటికి కనిపించేది ఏదీ లేదు, దాని విలువంతా పుస్తకంలోని రాతలోనే ఉంటుంది.

ఈ చర్చను చదివే కొత్తవారి కోసం కొన్ని జాగ్రత్తలు చెబుతాను. ఆడపామును వరుసగా మూడో ఏడాది గుడ్లకు పంపే ముందు దాని ఒంటిని చూడండి. వెన్నెముక పైకి తేలినట్లుంటే ఈ ఏడాది వదిలేయండి, బలం చాలని పాముకు గుడ్డు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొకరి ఇంటి నుంచి మగపామును తెస్తే కనీసం మూడు నెలలు వేరే గదిలో, వేరే నీటి గిన్నెతో ఉంచండి. పేలు కంటికి కనిపిస్తాయి గానీ క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కనిపించదు. తిన్నదాన్ని పదేపదే కక్కడం మొదలయ్యేసరికి అది మీ పాములన్నింటికీ అంటుకొని ఉంటుంది. చలికాలపు విరామం ఇవ్వాలనుకుంటే, అంతకు రెండు మూడు వారాల ముందే మేత ఆపండి. పొట్టలో ఎలుక ఉండగా ఒళ్లు చల్లబడితే అది అరగక లోపలే కుళ్లిపోతుంది.

మరో ముఖ్య విషయం. కార్న్ స్నేక్ ఆడపాము మగపాము వీర్యాన్ని నెలల తరబడి తనలో దాచుకోగలదు. కాబట్టి వచ్చే ఏడాది పుట్టే పిల్లల్లో కొన్ని పాత మగపామువి కావచ్చు. దీన్ని గుర్తుంచుకొనే ఫలితాన్ని చదవాలి.


శేషాచలం నడక
2024 ఆగస్టు 9

నేను పదేళ్లుగా తిరుపతి, చంద్రగిరి ప్రాంతాల్లో ఇళ్లలోకి వచ్చే పాములను పట్టి అటవీ శాఖ వారికి అప్పగిస్తున్నాను. మీ చర్చలో ఎవరినీ నొప్పించాలని నాకు లేదు, అయితే నేను రోజూ చూస్తున్నది చెప్పకుండా ఉండలేను.

రంగు మీద మోజు పెరిగితే అది కార్న్ స్నేక్ దగ్గర ఆగదు. ఇరుతల పాము పేరిట మన జిల్లాలో జరిగే వ్యాపారం అందరికీ తెలిసిందే. ఎవరికీ హాని చేయని ఆ మట్టిపామును లక్షల విలువ చేస్తుందన్న మాట నమ్మి సంచుల్లో కుక్కి చంపుతున్నారు. పొలంలో ఎప్పుడైనా ఒక తెల్లటి నాగుపాము కనిపిస్తే ఊరంతా శ్వేతనాగు అని పసుపు కుంకుమలతో వస్తారు, ఆ వెనుకే దాన్ని కొనడానికి మరొకరు వస్తారు. మీరు ఇక్కడ చెప్పుకుంటున్న లెక్కల ప్రకారం చూస్తే, అది రెండు మామూలు నాగుల్లో దాగి ఉన్న గుణం ఒక్క పిల్లలో కలవడం, అంతే కదా. ఎండలో నిలవలేక, తెల్లటి ఒళ్లు గద్ద కంటికి దూరం నుంచే కనబడి, అడవిలో అది చాలా కాలం బతకడం కష్టం. అయినా అది అడవిదే. మన దేశపు పామును దేనినీ, అది ఏ రంగులో ఉన్నా, ఇంట్లో పెట్టుకోవడానికి వీలు లేదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతోంది. నాగుపాము, కొండచిలువ దాని మొదటి షెడ్యూల్‌లోనే ఉన్నాయి.

నా రెండో భయం, పెట్టె మూత సరిగ్గా పడని రాత్రి గురించి. స్పెయిన్ ఆధీనంలోని గ్రాన్ కనారియా అనే దీవిలో ఇళ్ల నుంచి తప్పించుకున్న కాలిఫోర్నియా కింగ్ స్నేక్‌లు 1998 నుంచి అడవిలో కనిపించడం మొదలైంది. వాటిలో చాలా వరకు పెంపకందారులు రంగు కోసం ఎంచి పెంచిన ఆల్బినోలే. ఆ దీవిలో తప్ప మరెక్కడా లేని పెద్ద బల్లులను అవి తినేస్తున్నాయి. తెల్లగా ఉన్న పాము అడవిలో బతకదన్న నమ్మకం అక్కడ పనిచేయలేదు, ఎందుకంటే ఆ దీవి బల్లులకు పాము అంటే ఏమిటో తెలియదు, పాములను తినే జీవులూ అక్కడ అంతగా లేవు. మన శేషాచలంలో బంగారు బల్లి ఉంది. మీ మేడ నుంచి ఆ కొండ ఎంత దూరమో మీకే తెలుసు.


కపిలతీర్థం వాసి
2024 ఆగస్టు 9

మీ మాటలో న్యాయం ఉంది. మా ఇంటి నుంచి చూస్తే కొండ ఎదురుగానే కనిపిస్తుంది. ప్రతి పెట్టెకూ తాళం, గదికి రెండు తలుపులు, కిటికీలకు సన్నటి ఇనుప జాలి ఉన్నాయి. అయినా మీరొకసారి వచ్చి చూసి, ఎక్కడ సందు ఉందో చెబితే సంతోషిస్తాను. పుట్టిన పిల్లలను ఇప్పటిదాకా తెలిసినవారికే ఇచ్చాను, అవి ఎవరి దగ్గర ఉన్నాయో నాకు తెలుసు.


జన్యుశాస్త్రం విద్యార్థిని
2024 ఆగస్టు 10

చట్టం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. విదేశీ జాతులన్నీ ఒకే గాటన కట్టదగినవి కావు. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం జాబితాల్లో కార్న్ స్నేక్ లేదు. బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువ మాత్రం ఆ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022 సవరణ తర్వాత అలాంటి జాతులు మన చట్టంలోని నాలుగో షెడ్యూల్ కిందికి వస్తాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని పెంచేవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఆ జీవికి పిల్లలు పుట్టినా, చేతులు మారినా తెలియజేయాలి. మన సభ్యుల్లో ఎవరి దగ్గరైనా బాల్ పైథాన్ ఉంటే ఆరు నెలల గడువు ఈ 2024 ఆగస్టులోనే ముగుస్తుంది, దయచేసి ఆలస్యం చేయవద్దు.


పుంగనూరు టమాటా రైతు
2024 ఆగస్టు 12

నేను ఈ వేదికకు కొత్త. టమాటా ధర ఒక ఏడాది బంగారం, మరుసటి ఏడాది రోడ్డు పాలు అన్నట్లుంది. బనానా అనే పసుపు రంగు బాల్ పైథాన్ ఒక్కటే చాలా ధర పలుకుతుందని మా అబ్బాయి వీడియోలు చూపించాడు. షెడ్డు ఖాళీగా ఉంది. ఒక జత తెచ్చి పెంచితే ఇల్లు గడుస్తుందా? అనుభవం ఉన్నవారు నిజం చెప్పాలి.


చంద్రగిరి కోటదారి
2024 ఆగస్టు 12

అయ్యా, మీరు నిజం అడిగారు కాబట్టి నిజమే చెబుతాను. ఈ ఉద్దేశంతో దయచేసి ఇందులోకి దిగకండి.

బాల్ పైథాన్ ఏడాదికి ఒకసారి సగటున ఆరు గుడ్లు పెడుతుంది, అది కూడా ప్రతి ఏడాదీ కాదు. ఆడపిల్ల గుడ్లకు రావడానికి మూడేళ్లు పడుతుంది. ఈ లోపు మీరు కొన్న రంగునే దేశమంతా మరో వందమంది కూడా పెంచుతూ ఉంటారు. అంతర్గత రంగుల విషయంలో కొన్నాళ్లు సరుకు తక్కువగా ఉండి ధర నిలుస్తుంది, తర్వాత హెట్‌లన్నీ ఒకేసారి పెద్దవై గుడ్లు పెట్టేసరికి సంత నిండిపోతుంది. బనానా అంతర్గతం కూడా కాదు, ఒక్క ప్రతి ఉన్నా రంగు బయటపడుతుంది, కాబట్టి అది మరింత వేగంగా పెరుగుతుంది. మొదటి ఆల్బినో బాల్ పైథాన్‌ను 1992లో అమెరికాలో బాబ్ క్లార్క్ పుట్టించినప్పుడు అది అపురూపం, నేడు అది ఆ దేశంలో సామాన్యుడు కొనగలిగే రంగు. ధర పెరిగిందని అందరూ టమాటా నాటితే కోత నాటికి ఏమవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. పైగా అమ్ముడుపోని టమాటాను పశువులకు వేయవచ్చు, అమ్ముడుపోని పాము ఇరవై, ముప్పై ఏళ్లు మీ ఇంట్లో బతుకుతుంది.

ధర కన్నా బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. 1999లో స్పైడర్ అనే రంగు వచ్చింది. ఒంటి మీద సాలెగూడు లాంటి సన్నని గీతలతో అది ఎంత అందంగా ఉంటుందంటే, వేలమంది దానిని పెంచారు. ఆ జన్యువు ఉన్న ప్రతి పాముకూ, కొన్నింటికి ఎక్కువగా, కొన్నింటికి తక్కువగా, తల వణుకుతుంది, మెలి తిరుగుతుంది. కొన్ని పాములు ఎలుక వైపు దూకి గురి తప్పుతాయి. ఏళ్ల తరబడి పెంపకందారులు ‘కొంచెం వణుకు, అంతే’ అని సర్దుకున్నారు. 2022లో జర్మనీ పరిశోధకులు సూక్ష్మ సీటీ స్కాన్‌తో చూస్తే లోపలి చెవిలో సమతుల్యతను కాపాడే భాగాలే వికృతంగా ఉన్నాయని తేలింది. రంగునూ వణుకునూ విడదీయడానికి ఎంతో మంది ప్రయత్నించారు, ఎవరికీ వీలు కాలేదు. తల నిలుపుకోలేని పామును ఒక్కసారి కళ్లారా చూశాక నేను ఆ రంగు పేరే ఎత్తడం మానేశాను.


పుంగనూరు టమాటా రైతు
2024 ఆగస్టు 13

చాలా కృతజ్ఞతలు. షెడ్డులో గొర్రెలే పెడతాను. మా అబ్బాయికి ఈ చర్చంతా చదివి వినిపించాను.


జన్యుశాస్త్రం విద్యార్థిని
2024 ఆగస్టు 13

బనానా ప్రస్తావన వచ్చింది కాబట్టి మాస్టారు గారి తరగతికి పనికొచ్చే ఒక సంగతి చెప్పాలనిపించింది. పాములన్నింటిలోనూ పక్షుల్లో మాదిరి ZW పద్ధతిలోనే, అంటే ఆడదానిలో రెండు వేర్వేరు లింగ క్రోమోజోములు ఉండే పద్ధతిలోనే, లింగ నిర్ధారణ జరుగుతుందని దశాబ్దాల పాటు పుస్తకాల్లో రాశారు. అయితే బనానా మగపాములను పెంచినవారి నోటు పుస్తకాల్లో ఒక వింత కనిపించింది. ఆ రంగు తన తల్లి నుంచి వచ్చిన మగపాముకు పుట్టే బనానా పిల్లలు దాదాపు అన్నీ ఆడవి, తండ్రి నుంచి వచ్చిన మగపాముకు పుట్టే బనానా పిల్లలు దాదాపు అన్నీ మగవి. మగపాములో XY ఉంటేనే ఇది కుదురుతుంది. 2017లో శాస్త్రవేత్తలు బోవాలలో, కొండచిలువలలో XY పద్ధతి ఉందని ప్రకటించారు. పిల్లల లింగాన్నీ రంగునూ వరుసగా రాసుకున్న మామూలు పెంపకందారుల లెక్క శాస్త్రం చెప్పినదానితో సరిపోయిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.


జీవశాస్త్రం మాస్టారు
2024 ఆగస్టు 14

ఇది తప్పకుండా చెబుతాను. మా పిల్లలను ఏటా తిరుపతి జూపార్కుకు తీసుకువెళ్తాం, వారు ఎక్కువసేపు నిలబడేది తెల్లపులి ముందే. అదీ ఈ కోవలోనిదే కదా?


పలమనేరు పశువైద్యుడు
2024 ఆగస్టు 14

అచ్చంగా ఈ కోవలోనిదే. 1951లో రీవా అడవిలో పట్టుబడిన మోహన్ అనే తెల్లపులి పిల్లను పెద్దయ్యాక మామూలు రంగు ఆడపులితో జత కలిపితే ఒక్క తెల్ల పిల్లా పుట్టలేదు. ఆ తర్వాత మోహన్‌ను తన సొంత కూతురితోనే జత కలిపితే 1958లో తెల్ల పిల్లలు పుట్టాయి. కూతురు హెట్, తండ్రికి రంగు బయటికే ఉంది, అంటే మనం పైన చెప్పుకున్న పరీక్షే అది. కాకపోతే వారు ఆ తర్వాత కూడా తండ్రీ కూతుళ్లు, అన్నాచెల్లెళ్ల మధ్యనే జతలు కలుపుతూ పోయారు. తెల్లపులుల్లో చాలావాటికి మెల్లకన్ను ఉంటుంది, కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాల దారి తప్పడం దీనికి కారణం. పిల్లలకు ఆ తెలుపుతో పాటు ఇది కూడా చెప్పండి.


కపిలతీర్థం వాసి
2024 నవంబరు 20

మూడు నెలల తర్వాత మళ్లీ రాస్తున్నాను. చంద్రగిరి గారు తమ అనెరిత్రిస్టిక్ మగపామును పరీక్ష కోసం అరువుగా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. డబ్బు తీసుకోలేదు, పిల్లల్లో ఒకటి అడిగారు. దాని వంశం నాలుగు తరాల దాకా రాసి ఉన్న పుస్తకం నకలు కూడా ఇచ్చారు. అది ఇప్పుడు కింది గదిలో విడిగా ఉంది. ఆడపాము బరువు 410 గ్రాములకు చేరింది. శేషాచలం గారు వచ్చి గది చూసి, ఏసీ గొట్టం గోడలోకి వెళ్లే చోట నా రెండు వేళ్లు దూరేంత సందు చూపించారు. ఆ రోజే సిమెంటు పెట్టించాను. అన్నాళ్లూ దాన్ని నేను చూడనందుకు ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది.


కపిలతీర్థం వాసి
2025 జులై 2

ఫలితం వచ్చింది. మార్చిలో జత కలిపాను, ఏప్రిల్ చివర పన్నెండు గుడ్లు పెట్టింది. ఈ వేసవి గుడ్లకు పెద్ద పరీక్షే అయింది. అమెరికా పుస్తకాలన్నీ గుడ్ల పెట్టెను ఎలా వెచ్చగా ఉంచాలో చెబుతాయి, మన తిరుపతి మే నెలలో ఎలా చల్లగా ఉంచాలో ఎవరూ రాయలేదు. గది 36 డిగ్రీలకు పోతుంటే గుడ్లను 28 దగ్గర ఉంచాలి. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో పెద్ద మట్టి తొట్టిలో తడి ఇసుక పోసి, దాని నడుమ చిన్న కుండను దింపి, కుండలో గుడ్ల డబ్బాను పెట్టి, తొట్టి అంచు మీద తడిగుడ్డ కప్పాను. అలా చేస్తే నాలుగైదు డిగ్రీలు తగ్గి, రెండు మూడు గంటల పాటు 31 దాటలేదు. ఒక్క గుడ్డు పాడైంది.

పదకొండు పిల్లలు పుట్టాయి. ఆరు బూడిద రంగులో, ఐదు మామూలు రంగులో. మొదటి మూతి బూడిదగా బయటికి వచ్చినప్పుడు తెల్లవారుజాము మూడున్నర అయింది. మా ఆవిడను లేపి చూపించాను.

కాబట్టి ఆడపాము నిజమైన హెట్. ఐదు మామూలు పిల్లలను ‘నూటికి నూరుపాళ్లు హెట్’ అని రాసుకుంటున్నాను, సరైనదే కదా? తండ్రి బూడిదే కాబట్టి అన్నింటికీ ఒక ప్రతి తప్పక వచ్చి ఉండాలి.


పలమనేరు పశువైద్యుడు
2025 జులై 2

అభినందనలు. అయితే ఆ ఐదింటి మీద అలా రాయకండి. నేను నిరుడు చెప్పిన వీర్యం సంగతి ఇక్కడే అడ్డు వస్తుంది. ఆరు బూడిద పిల్లల గురించి అనుమానం లేదు. అవి కొత్త మగపాము పిల్లలే, మీ ఆడపాము హెట్ అని రుజువు చేసినవి అవే. మామూలు ఐదింటిలో ఏదైనా నిరుటి వీర్యంతో, అంటే మీ పాత మగపాముకు పుట్టి ఉండవచ్చు. అదే అయితే దానికి తల్లి నుంచి ఆ ప్రతి వచ్చే అవకాశం సగమే. ‘తల్లి హెట్, తండ్రి బహుశా అనెరిత్రిస్టిక్, పాత వీర్యానికి అవకాశం ఉంది’ అని ఉన్నదున్నట్లు రాయండి.


జన్యుశాస్త్రం విద్యార్థిని
2025 జులై 3

అలాగే 2023, 2024 పంతొమ్మిది పిల్లల విషయం కూడా సరిచేయాలి. రెండూ హెట్‌లు అనుకున్నప్పుడు ఆ మామూలు పిల్లలకు ‘66 శాతం హెట్’ అన్న పేరు ఉండేది. పాత మగపాములో ఆ ప్రతి లేదని ఇప్పుడు దాదాపు ఖాయమైంది కాబట్టి అవన్నీ అనెరిత్రిస్టిక్‌కు 50 శాతం హెట్‌లే. పాత మగపాము చార్‌కోల్ హెట్ అయితే, దానికి మరో 50 శాతం అవకాశం అదనంగా ఉంటుంది, అది ఇంకా తేలలేదు.


కపిలతీర్థం వాసి
2025 జులై 6

మీ ఇద్దరూ చెప్పినట్లే డబ్బాల మీది చీటీలన్నీ మార్చాను. పాత పిల్లల్లో పద్నాలుగింటిని ఆరుగురికి ఇచ్చాను, ఆరుగురికీ ఫోన్ చేసి చెప్పాను. ఐదుగురు పరవాలేదన్నారు. చిత్తూరులోని ఒక మిత్రుడు మాత్రం నా మాట నమ్మి ఒకే తల్లి పిల్లలైన రెండింటిని వచ్చే ఏడాది జత కలపాలని పెట్టుకున్నాడట. రెండూ హెట్‌లయ్యే అవకాశం నాలుగింట ఒక వంతే అని లెక్క వివరించి, ఆడపిల్లకు బదులు ఈ ఏటి బూడిద ఆడపిల్లను ఇస్తానని చెప్పాను. దీనికి తండ్రి వేరు కాబట్టి రక్తసంబంధం కూడా కొంత తగ్గుతుంది. నాకు అమ్మిన వ్యక్తికి కూడా ఫోటోలతో సహా అంతా రాసి పంపాను. ఆయన తన దగ్గరున్న బూడిద పాముల మెడలను మళ్లీ చూసుకుంటానన్నాడు.

ఇక నా పాత మగపాము మిగిలింది. ఎవరి దగ్గరైనా వంశం రాసి ఉన్న చార్‌కోల్ ఆడపాము ఉంటే, సెప్టెంబరులోగా చెప్పండి. మూడు నెలలు విడిగా ఉంచాలి కదా, ఆ తర్వాత ఆలస్యమవుతుంది.


చంద్రగిరి కోటదారి
2025 జులై 6

బెంగళూరులో నాకు తెలిసిన ఒకరి దగ్గర ఉంది. పుస్తకం ఉందో లేదో ముందు అడిగి చెబుతాను.